మస్కటీన్, అయోవా: ఎవరైనా ఉన్నారా అక్కడ? నిజంగా చచ్చిన ఊరేనా?

వాన_చినుకు
మా ఆయనకి అయోవాలో మస్కటీన్ అనే ఊళ్లో ఆఫర్ వచ్చింది. ఫుల్‌టైమ్, జీతం బాగానే ఉంది, గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ కూడా మొదలుపెడతామన్నారు. ఇప్పుడు డాలస్ పక్కన ఉంటున్నాం. ఎవరికి చెప్పినా ఒకటే మాట. "అక్కడికెళ్లి ఏం చేస్తారు, మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చుంటారా? ఫ్యాక్టరీలు మూతపడ్డ చచ్చిన ఊళ్లవి." అలా అన్నవాళ్లలో ఒక్కరూ ఆ ఊరు చూడలేదు. అదే నాకు ఒళ్లు మండుతోంది.

నెట్‌లో చూస్తే 2020 లెక్కల్లో జనాభా 23,797 అని ఉంది. మిసిసిపీ ఒడ్డున ఉందట. ఒకప్పుడు ప్రపంచానికే గుండీల రాజధానిట. అవును, చొక్కా గుండీలే! పాప నాలుగో క్లాసు. నేను రాజమండ్రిలో పెరిగాను, నది ఉన్న ఊరు అనగానే మనసు లాగుతోంది. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. మంచీ చెడూ రెండూ కావాలి.

ఫ్రిస్కో_ఫణి
వద్దండీ. ఊరు బాగుంటుందా లేదా అన్నది కాదు అసలు సమస్య. డాలస్‌లో ఉద్యోగం పోతే రోడ్డు దాటితే ఇంకో కంపెనీ. అక్కడ పోతే ఇల్లు ఖాళీ చేసి ఊరు మారాలి. వీసా మీద ఉన్నవాళ్లు 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, అది ఎంత టెన్షనో నేను పడ్డాను. ఒకే కంపెనీ మీద బతికే ఊళ్లలో మాత్రం ఇరుక్కోవద్దు.

గుంటూరు_ఘాటు
గోంగూర దొరుకుతుందా లేదా, ముందు అది తేల్చండి.

మిసిసిపీ_మాధవి
నేను ఉంటున్నది ఇక్కడే, మస్కటీన్‌లోనే. పిల్లలు ఇక్కడి బళ్లోనే చదువుతున్నారు. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఫణి గారూ, వీసా భయం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇది ఒకే కంపెనీ ఊరు కాదు. ఆఫీసు కుర్చీలు, బల్లలు చేసే హెచ్‌ఎన్‌ఐ హెడాఫీసు ఇక్కడే. అది 1944లో మొదలైంది, అప్పటి పేరు హోమ్-ఓ-నైజ్. స్టీలుతో వంటింటి అల్మారాలు చేద్దామనుకున్నారు. యుద్ధం అయ్యాక స్టీలు దొరక్క, చిన్న చిన్న రేకు ముక్కలతో కార్డులు పెట్టుకునే పెట్టెలు చేసి అమ్మారు. అక్కడి నుంచి ఆఫీసు ఫర్నిచర్‌లోకి వెళ్లి, 2023లో కింబాల్ ఇంటర్నేషనల్‌ని కొనే స్థాయికి వచ్చారు. హైంజ్ కెచప్ వాళ్లు పిట్స్‌బర్గ్ బయట మొట్టమొదటి ఫ్యాక్టరీ పెట్టింది ఈ ఊళ్లోనే, 1890ల్లో. అది ఇప్పటికీ నడుస్తోంది. అరిగిపోయిన లారీ టైర్లకు కొత్త తొడుగు వేసే బ్యాండాగ్‌ని రాయ్ కార్వర్ 1957లో ఇక్కడే మొదలుపెట్టాడు, 2007లో బ్రిడ్జ్‌స్టోన్ దాన్ని కొనేసింది. అయోవా సిటీలో బాస్కెట్‌బాల్ స్టేడియం ఉంది చూశారా, కార్వర్ హాకై అరీనా, అది ఆయన పేరే. ఇవి కాక పంపుల కంపెనీ, మొక్కజొన్న మిల్లు, కలుపు మందుల ప్లాంటు ఉన్నాయి.

కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ మూడూ ఊరి సొంత సంస్థే ఇస్తుంది. ఇంత చిన్న ఊళ్లో నెట్ ఇంత బాగుంటుందని వచ్చే ముందు నేను అనుకోలేదు.

గోంగూర మా పెరట్లో ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కావలసినంత.

గుంటూరు_ఘాటు
మాధవి గారూ, ఇంక చర్చ అనవసరం. వాన_చినుకు గారూ, సామాన్లు సర్దండి.

కరీంనగర్_కిట్టు
మాధవి అక్క చెప్పింది బాగుంది గానీ నాది వేరే అనుభవం. ఆ ఊళ్లో కాంట్రాక్టు మీద ఉండి వచ్చిన. అప్పుడు పెళ్లి కాలే. సాయంత్రం ఆరు దాటితే డౌన్‌టౌన్‌ల మనిషి కనపడడు. రూమ్మేట్ లేడు, ఇండియన్ హోటల్ లేదు. ప్రతి శనివారం డెవన్‌పోర్ట్ పోవుడే, ముప్పై మైళ్లు. చలికాలంల మైనస్ ఇరవై, ఆ హైవే 61 మీద మంచు గాలి కొడితే కారు ఊగేది.

ఇంకోటి ఎవ్వరూ చెప్పరు. వాసన. దక్షిణం దిక్కు ఫ్యాక్టరీలున్నయి. గాలి ఇటు మళ్లిన రోజు కాల్చిన మొక్కజొన్న, పులిసిన పిండి కలిసిన వాసన వచ్చేది. కొందరికి అలవాటైతది. నాకు కాలేదు.

మిసిసిపీ_మాధవి
కిట్టూ, వాసన మాట నిజమే. దాచిపెట్టను. వాసన ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి దాటిందని 2013లో కేంద్ర పర్యావరణ సంస్థే ఈ కౌంటీలో కొంత భాగాన్ని ప్రమాణాలు అందుకోని ప్రాంతంగా ప్రకటించింది. ఊరివాళ్లు కొందరు మొక్కజొన్న మిల్లు మీద కోర్టుకెక్కారు, కేసు అయోవా సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ కేసు నడవకూడదని మిల్లు వాదిస్తే, నడపొచ్చని 2014లో తీర్పు వచ్చింది. తర్వాత బొగ్గు బాయిలర్ల బదులు సహజవాయువు వచ్చింది. పాతవాళ్లని అడిగితే ఒకప్పటితో చూస్తే ఇప్పుడు ఎంతో నయం అంటారు. నేను వచ్చింది ఆ తర్వాతే.

ఆస్తమా ఉన్న పిల్లలుంటే మాత్రం ఇల్లు ఎక్కడ తీసుకోవాలో జాగ్రత్తగా చూసుకోవాలి.

చరిత్ర_పిచ్చి
డెవన్‌పోర్ట్ నుంచి రాస్తున్నాను. గుండీల సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? నాకు మ్యూజియం కనిపిస్తే కాలు ఆగదు. మస్కటీన్‌లో రెండో వీధిలో నేషనల్ పెర్ల్ బటన్ మ్యూజియం ఉంది, తప్పకుండా చూడాలి.

గుండీల కంటే ముందు ఇది కలప ఊరు. విస్కాన్సిన్, మిన్నెసోటా అడవుల్లో నరికిన పైన్ దుంగల్ని తెప్పలుగా కట్టి మిసిసిపీలో వదిలితే ఇక్కడి రంపపు మిల్లుల దగ్గర ఆపి కోసేవాళ్లు. హర్షీ, మస్సర్ కుటుంబాలు దాని మీదే కోట్లు గడించాయి. మస్సర్ల భవనం ఇప్పుడు ఆర్ట్ సెంటర్. ఉత్తరాన అడవి అయిపోయింది, మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఊరు అప్పుడే పోవాల్సింది.

అదే సమయానికి జాన్ బోపుల్ అనే జర్మన్ వచ్చాడు. హాంబర్గ్ దగ్గర కొమ్ముతో, ఎముకతో, చిప్పతో గుండీలు చేసే పనివాడు. 1887లో అమెరికా చేరాడు. ఇక్కడి నదుల్లో దళసరి ఆల్చిప్పలు రాశులుగా ఉన్నాయి. 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం విదేశీ గుండీల మీద పన్ను బాగా పెంచేసింది. దిగుమతి గుండీ ఖరీదైంది, నది గుండీ చవకైంది. 1891లో మస్కటీన్‌లో పని మొదలుపెట్టాడు.

1905 నాటికి ఈ ఒక్క ఊరు ఏడాదికి 150 కోట్ల గుండీలు చేసింది. ప్రపంచంలో తయారైన గుండీల్లో దాదాపు 37 శాతం! ఈ అంకె చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వాన_చినుకు
150 కోట్లా! ఇంతకీ నదిలోంచి ఆ చిప్పల్ని ఎలా పట్టేవాళ్లు? మునిగి తీసేవాళ్లా?

చరిత్ర_పిచ్చి
మునగక్కర్లేదు. అడుగు చదునుగా ఉండే పడవ. దానికి పొడవాటి ఇనుప కడ్డీ, కడ్డీకి వరసగా తాళ్లు, తాళ్లకు నాలుగేసి కొక్కేలు. ప్రవాహంతో పాటు పడవ జారుతుంటే ఆ కొక్కేలు నది అడుగున ఈడ్చుకుంటూ పోతాయి. ఆల్చిప్ప అడుగు మట్టిలో సగం కూరుకుని, నోరు కొంచెం తెరిచి నీళ్లు వడకట్టుకుంటూ ఉంటుంది. కొక్కెం లోపల తగలగానే బెదిరి గట్టిగా మూసుకుంటుంది. ఇక వదలదు. కడ్డీ పైకి లాగితే చిప్పలు గుత్తులుగా వేలాడుతూ వస్తాయి. మ్యూజియంలో ఆ కడ్డీ చూసి నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ ప్రాణి తనను తాను కాపాడుకోవడానికి చేసే పనే దాన్ని పట్టించింది.

ఒడ్డున పెద్ద తొట్లలో ఉడకబెడితే చిప్పలు తెరుచుకుంటాయి. మాంసం తీసేటప్పుడు వేళ్లతో తడిమి ముత్యం ఉందేమో చూస్తారు. చిప్పల్ని రకాలవారీగా ఏరి, పెళుసుదనం పోవడానికి రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, గొట్టం ఆకారంలో ఉండే రంపంతో గుండ్రటి బిళ్లలు కోస్తారు. బిళ్లని అరగదీసి, బొక్కలు పొడిచి, మెరుగు పెట్టి, ఏరి, అట్టలకు కుడతారు. ఆ ఆఖరి పని ఆడవాళ్లు, పిల్లలు ఇళ్లలో కూర్చుని చేసేవాళ్లు. ఊళ్లోనే బ్యారీ కుటుంబం బొక్కలు పొడిచే ఆటోమేటిక్ యంత్రాలు కనిపెట్టాక వేగం ఎన్నో రెట్లు పెరిగింది.

మిసిసిపీ_మాధవి
కోసేసిన చిప్పలు ఇప్పటికీ ఊరంతా ఉన్నాయి. గోంగూర మడి తవ్వుతుంటే మా పెరట్లోనే దొరికాయి. అప్పట్లో గుంతలు పూడ్చడానికి, దారులు వేయడానికి వాడేశారు కదా. ఒకటి మా కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను. పైన మట్టిరంగు గరుకు. కడిగితే లోపల తెలుపు, కాస్త గులాబీ జీర. పక్కపక్కనే ఐదు గుండ్రటి ఖాళీలు, ఒకదానికొకటి రవంత సందు కూడా వదలకుండా కోశారు. ఆరోది సగం కోసి ఆపేశారు, అక్కడ చిప్ప పలచగా ఉంది, గుండీకి పనికిరాదు. కోసినవాళ్లకి కూలీ బిళ్లల లెక్కన. అంచు మీద వేలు పెడితే రంపం పళ్ల గీతలు ఇంకా తగులుతాయి.

పాప వస్తే తనకీ ఒకటి ఇస్తాను వాన_చినుకు గారూ. ఇంకా బోలెడు ఉన్నాయి.

లాయరమ్మ_లత
కూలీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1911లో ఈ ఊళ్లో పెద్ద సమ్మె జరిగింది. లెక్కలో మోసం జరుగుతోందని, కోసిన బిళ్లలకు పూర్తి కూలీ రావడం లేదని కార్మికులు యూనియన్ పెట్టుకున్నారు. యజమానులు ఫ్యాక్టరీలకు తాళాలేశారు. గొడవలు ముదిరి గవర్నరు సైన్యాన్ని దింపాడు. ఆ సమ్మెలో ముందు నిలబడినవాళ్లలో పెర్ల్ మెక్‌గిల్ అనే అమ్మాయి ఉంది, అప్పటికి ఇరవై కూడా నిండలేదు. ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసింది. మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లో లారెన్స్ బట్టల మిల్లుల సమ్మెలోనూ పనిచేసింది.

ఆ గుండీల వెనక ఎగిరే పొడి, తెగే వేళ్లు, రోజంతా తడిసే చేతులు ఉన్నాయి. "ప్రపంచ రాజధాని" అని మురిసేటప్పుడు అది కూడా చెప్పాలి.

ఫ్రిస్కో_ఫణి
ఇదంతా బాగుంది. కానీ నా పాయింటే రుజువవుతోంది. కలప పోయింది, గుండీలు పోయాయి. రేపు కుర్చీలు పోవని గ్యారంటీ ఏముంది? జనం ఇళ్ల నుంచి పనిచేస్తుంటే ఆఫీసు బల్లలు ఎవరు కొంటారు?

చరిత్ర_పిచ్చి
గ్యారంటీ ఎక్కడుందండీ, ఏ ఊరికైనా? గుండీలు ఎలా పోయాయో చూడండి. ఒక్క రోజులో పోలేదు. ముందు చిప్పలు తగ్గాయి. దగ్గర్లోవి అయిపోతే దూరపు నదుల నుంచి తెచ్చుకున్నారు. తర్వాత జిప్పులొచ్చాయి. వాషింగ్ మెషీన్లు, ఘాటైన సబ్బులు వచ్చి చిప్ప గుండీ మెరుపు పోగొట్టాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ మొత్తం ఊడ్చేసింది. కొన్ని కుటుంబాలు అదే యంత్రాలు, అదే పనివాళ్లతో ప్లాస్టిక్ గుండీల్లోకి మారాయి.

కానీ ఈ లోపల ఊళ్లో ఇంకేం జరిగిందో చూడండి. హైంజ్ వచ్చింది గుండీలు ఊపందుకుంటున్నప్పుడే. మొక్కజొన్న మిల్లు, కుర్చీల కంపెనీ రెండూ 1940ల్లో, గుండీలు ఇంకా పూర్తిగా పోకముందే మొదలయ్యాయి. ఒకటి వాలుతున్నప్పుడు ఇంకొకటి లేస్తోంది. ఇక్కడ డబ్బు చేసుకున్నవాళ్లు, యంత్రాలు తెలిసిన పనివాళ్లు ఊరు వదిలిపోలేదు. ఇల్లినాయ్, అయోవాల్లో నేను చూసిన చాలా నది ఊళ్లకి దక్కనిది అదే. మా క్వాడ్ సిటీస్‌లోనే, అంటే డెవన్‌పోర్ట్, దాని చుట్టుపక్కల ఊళ్లలోనే, 1980ల వ్యవసాయ సంక్షోభంలో ఫార్మాల్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, క్యాటర్‌పిల్లర్ ప్లాంటు మూతపడితే కోలుకోవడానికి ఏళ్లు పట్టింది.

జీవనది
ఊరు కోలుకుంది. నది కోలుకోలేదు. ఈ థ్రెడ్‌లో ఎవరో ఒకరు ఇది చెప్పాలి, నా పని కూడా మంచినీటి జీవాల మీదే కాబట్టి నేను చెబుతున్నాను.

ఆల్చిప్ప పిల్ల దశలో చేప మొప్పలకు అంటుకుని కొన్నాళ్లు బతికితేనే పెద్దవుతుంది. సరైన చేప లేకపోతే సంతానం లేదు. పెద్దవి ఒకే చోట దశాబ్దాల పాటు బతుకుతాయి. అలాంటి వాటిని కొన్నేళ్లలో టన్నులకు టన్నులు లాగేశారు. ప్రభుత్వానికీ భయమేసింది. 1908లో మస్కటీన్ ఎగువన ఫెయిర్‌పోర్ట్‌లో జీవశాస్త్ర కేంద్రానికి అనుమతి ఇచ్చారు. అక్కడ చేపలకు ఆల్చిప్ప పిల్లల్ని అంటించి నదిలో వదిలేవారు. గుండీల పరిశ్రమ మొదలుపెట్టిన బోపుల్ చివరికి అక్కడే పనిలో చేరాడు. చిప్ప కోసుకుని కాలికి అయిన గాయం విషమించి 1912లో చనిపోయాడు.

తర్వాత మురుగు కలిసింది. 1930ల్లో బార్జీల కోసం, అంటే పెద్ద సరుకు పడవల కోసం, వరసగా ఆనకట్టలు కట్టి ప్రవాహం మార్చేశారు. 1990ల్లో జీబ్రా మసెల్స్ అనే పరాయి జాతి వచ్చి మన చిప్పల మీదే గుంపులుగా అతుక్కుని ఊపిరాడనివ్వలేదు. హిగ్గిన్స్ ఐ అనే ఇక్కడి ఆల్చిప్ప జాతి 1976 నుంచే అంతరించే జాబితాలో ఉంది. ఇప్పుడు దాన్ని పెంచి మళ్లీ నదిలో వేస్తున్నారు. మెల్లగా, చాలా మెల్లగా.

పాతబస్తీ_ముత్యం
జీవనది గారి పోస్టు చూశాక ఆగలేకపోయాను. మాది పత్తర్‌గట్టీలో ముత్యాల వ్యాపారం. జపాన్‌లో అకోయా రకం ముత్యం సాగు చేసేటప్పుడు ఆల్చిప్ప కడుపులో ఒక చిన్న గుండ్రటి పూస పెడతారు, దాని చుట్టూ మెరుపు పొర పేరుకుంటుంది. ఆ పూస దేంతో చేస్తారో తెలుసా? అమెరికా నదుల ఆల్చిప్పతో, మిసిసిపీ వైపు నుంచి వెళ్లిన చిప్పతో! గుండీలు పోయాక అక్కడ చిప్పలు పట్టేవాళ్లకి ఇదే పెద్ద గిరాకీ అయింది. హైదరాబాద్‌లో ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేవి చైనా మంచినీటి ముత్యాలు, వాటిలో సాధారణంగా పూస ఉండదు. కానీ పాత అకోయా దండ ఇంట్లో ఉంటే, మీ మెడలో ఆ నదుల ముక్క ఉన్నట్టే.

వాన_చినుకు
మా అమ్మమ్మ దండ గుర్తొచ్చింది! చార్మినార్ దగ్గరే కొన్నారు. ఇప్పుడే ఫోన్ చేసి అడుగుతాను ఏ ముత్యాలో.

గుంటూరు_ఘాటు
ఉద్యోగం సంగతి అడిగితే మెడలో దండ దాకా వచ్చాం. ఇందుకే ఈ ఫోరం వదలబుద్ధి కాదు.

తెనాలి_అత్తయ్య
మా అబ్బాయి క్వాడ్ సిటీస్‌లో ఉంటాడమ్మా. వేసవిలో నేను వచ్చినప్పుడు మస్కటీన్ తీసుకెళ్లాడు, పుచ్చకాయలు, కర్బూజాలు కొనడానికి. ఊరి దక్షిణాన ఇసక నేల ఉందట, ఆ కాయలకి పెద్ద పేరు. రోడ్డు పక్క బండి దగ్గర కొన్నాం. కోయగానే ఇల్లంతా వాసన. మీరందరూ చెడ్డ వాసన గురించే మాట్లాడుతున్నారు, ఇది కూడా రాయండి.

నది ఒడ్డున పార్కులో గుండీల చిప్పలు పట్టేవాడి విగ్రహం ఉంది. ఆ పక్కనే బెంచీ మీద కూర్చున్నాం. సాయంత్రం సూర్యుడు దిగుతుంటే లేవబుద్ధి కాలేదు.

చరిత్ర_పిచ్చి
అత్తయ్యగారూ, ఆ సూర్యాస్తమయాల్ని మార్క్ ట్వెయిన్ కూడా పొగిడాడు. 1850ల్లో ఆయన అన్న ఇక్కడి పత్రికలో భాగస్వామి, ఆయనా కొన్నాళ్లు ఈ ఊళ్లో ఉన్నాడు.

కరీంనగర్_కిట్టు
ఊరికి గొప్పలు మస్తుగున్నయి, కాదనను. చైనా షీ జిన్‌పింగ్ 1985ల చిన్న కౌంటీ అధికారిగా పశువుల దాణా సంగతి నేర్చుకుందామని అయోవా వచ్చినప్పుడు ఈ ఊళ్లనే ఒక ఇంట్ల అతిథిగా ఉన్నడు, కాలేజీకి పోయిన కొడుకుల గదిల పండుకున్నడు. 2012ల ఉపాధ్యక్షుడై మళ్లీ వచ్చి పాత మిత్రుల్ని కలిసిండు. ఇది ఊళ్ల ఎవ్వరినడిగినా చెప్తరు. కానీ శుక్రవారం రాత్రి ఒక్కడివే అపార్ట్‌మెంట్‌ల కూసుంటే షీ జిన్‌పింగ్ వచ్చి మాట్లాడడు కదా. పెళ్లి కానోళ్లకు వద్దంటున్న, ఫ్యామిలీ ఉన్నోళ్ల లెక్క వేరే.

లాయరమ్మ_లత
కిట్టు, ఆ ఊరి గొప్పల్లో నాకు అన్నిటికంటే పెద్దది వేరే ఉంది. పాప చదువు అడిగారు కదా వాన_చినుకు గారు, అందుకే చెబుతున్నాను.

అలెగ్జాండర్ క్లార్క్ అనే నల్లజాతి మంగలి 1842లో మస్కటీన్ వచ్చాడు. క్షౌరశాల నడిపాడు, స్టీమర్లకు కట్టెలు అమ్మాడు, స్థలాలు కొన్నాడు. 1867లో ఆయన కూతురు సూసన్‌ని తెల్లపిల్లల బడిలో చేర్చుకోం అన్నారు. ఆయన కేసు వేశాడు. బడి అందరిదీ, రంగు చూసి వేరే బడికి పంపే హక్కు బోర్డుకు లేదని 1868లో అయోవా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశం మొత్తానికి అదే మాట అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1954లో. అంటే 86 ఏళ్ల తర్వాత! సూసన్ అక్కడే హైస్కూలు పూర్తిచేసింది. ఆయన దాదాపు అరవై ఏళ్ల వయసులో లా డిగ్రీ తీసుకున్నాడు, 1890లో లైబీరియాకు అమెరికా రాయబారిగా వెళ్లి మరుసటి ఏడు అక్కడే చనిపోయాడు. సమాధి మస్కటీన్‌లో ఉంది.

ఇప్పుడు ఆ ఊరి జూనియర్ హైస్కూలు పేరు సూసన్ క్లార్క్. మీ పాప రేపు చేరేది ఆ బళ్లోనే. ఆ గేటు మీద ఆ పేరు ఉండటం నాకైతే చాలా గొప్పగా అనిపిస్తుంది.

వాన_చినుకు
లత గారూ, ఇది ఎక్కడా ఎవరూ చెప్పలేదు. మా ఆయనకి చదివి వినిపించాను. పాప "ఆ అమ్మాయి వయసెంత అప్పుడు" అని అడుగుతోంది.

లాయరమ్మ_లత
పన్నెండేళ్లు, పదమూడేళ్ల మధ్య. మీ పాప కంటే కొంచెం పెద్దది.

గుంటూరు_ఘాటు
తిండి సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఆ ఊరి స్పెషల్ ఏంటి?

మిసిసిపీ_మాధవి
మెయిడ్-రైట్. 1926లో ఇక్కడే పుట్టింది. ముద్ద చేయకుండా పొడిపొడిగా వండిన బీఫ్ బన్నులో వేసి ఇస్తారు, చెంచా కూడా ఇస్తారు రాలిపోయింది తినడానికి. మన కీమా పావ్‌లో మసాలా తీసేసినట్టు. మేం తినం, కానీ ఊరివాళ్లకి ప్రాణం. మెక్సికన్ హోటళ్లు మాత్రం నిజంగా బాగుంటాయి, ఇక్కడ లాటినో కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల కొట్లలో కొత్తిమీర, పచ్చిమిర్చి, మామిడికాయలు చవకగా దొరుకుతాయి.

ఫ్రిస్కో_ఫణి
మిర్చి దొరికితే సగం ఇల్లు దొరికినట్టే, ఒప్పుకుంటా. వరదల మాటేమిటి? మిసిసిపీ ఒడ్డు అంటున్నారు.

చరిత్ర_పిచ్చి
వరద వస్తుంది. 1965, 1993 పెద్దవి, 2019లో కూడా చాలా రోజులు నీళ్లు దిగలేదు. మస్కటీన్‌లో ముందు మునిగేది ఒడ్డున ఉన్న పార్కు, రైలు పట్టాల పక్క. ఊళ్లో ఎక్కువ భాగం గట్ల మీద ఎత్తులో ఉంది. దక్షిణాన పల్లం, అక్కడ కరకట్టలున్నాయి. ఇల్లు కొనే ముందు ఆ చిరునామా వరద మ్యాపులో ఎక్కడుందో చూసుకోండి, ఇన్సూరెన్స్ దాన్ని బట్టే.

వాన_చినుకు
నది దగ్గర పిల్లలకి ఏముంటుంది? పడవలు ఇంకా తిరుగుతాయా?

మిసిసిపీ_మాధవి
తిరగడమా! ఊరికి కొంచెం ఎగువన 16వ నంబర్ లాక్ అండ్ డ్యామ్ ఉంది, అంటే ఆనకట్ట, దాని పక్కన పడవల్ని పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చేర్చే నీటి గది (లాక్). మొక్కజొన్న, సోయా నింపుకుని పదిహేను బార్జీలు కలిపి కట్టి ఒకే పడవ నెట్టుకుంటూ వస్తుంది. లాక్ పొడవు 600 అడుగులే, అంత గుంపు ఒకేసారి పట్టదు. అందుకని మధ్యలో విడదీసి ముందు సగం దింపుతారు, తర్వాత మిగతాది దింపి, మళ్లీ కలిపి కడతారు. మా పిల్లలు గంటన్నర సేపు కదలకుండా చూస్తారు. చలికాలం బార్జీలు ఆగిపోతాయి. నది గడ్డకట్టినా డ్యామ్ కింద నీళ్లు పారుతూనే ఉంటాయి కదా, చేపల కోసం బట్టతల గద్దలు అక్కడికే చేరతాయి. జనవరిలో చెట్ల నిండా అవే.

రైళ్ల మోత మాత్రం ఉంటుంది, పట్టాలు డౌన్‌టౌన్‌కీ నదికీ మధ్యనే. 2023లో రెండు రైల్వే కంపెనీలు కలిశాక గూడ్సు బండ్లు ఇంకా పెరిగాయి. పొడవాటిది అడ్డం వస్తే పార్కుకి వెళ్లడానికి ఆగాల్సిందే.

బెట్టెండార్ఫ్_బుజ్జి
సరుకులు, గుడి, ఆసుపత్రి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. ఇండియన్ కొట్లు మా క్వాడ్ సిటీస్‌లో ఉన్నాయి, అటు అయోవా సిటీ పక్కన కోరల్‌విల్‌లోనూ ఉన్నాయి. రెండు వైపులా గంటలోపే. వెంకన్న గుడి అంటే షికాగో దగ్గర అరోరా, రెండున్నర గంటలు. పెద్ద జబ్బు చేస్తే అయోవా సిటీలో యూనివర్సిటీ ఆసుపత్రి ఉంది, మిడ్‌వెస్ట్‌లో మంచి పేరున్నది. విమానం మోలీన్ నుంచి.

తెలుగువాళ్లు మస్కటీన్‌లో కొద్దిమందే. ఉగాదికీ, బతుకమ్మకీ, సంక్రాంతికీ అందరం ఇటువైపు కలుస్తాం. రాత్రి వంటలైపోయాక కూడా ఎవరూ ఇళ్లకి వెళ్లరు.

ఫ్రిస్కో_ఫణి
సరే, ఇంతమంది ఇన్ని చెప్పాక వద్దని గట్టిగా అనలేను. కానీ ఒక్కటి వినండి. ఇల్లు కొనకండి వెంటనే. ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యేదాకా అద్దెకే ఉండండి. ఇద్దరిలో ఒకరికి రిమోట్ ఉద్యోగం ఉంటే ఆ ఊరు ఎంత మంచిదో అప్పుడు తెలుస్తుంది.

మిసిసిపీ_మాధవి
ఈ సలహా బంగారం. నేను కూడా అదే చెబుతాను.

వాన_చినుకు
వచ్చే నెల ఇంటర్వ్యూ ఫైనల్ రౌండ్ అక్కడే, ముగ్గురం వెళ్తున్నాం. మాధవి గారూ, అద్దెకి ఏ వైపు చూడమంటారు? ఫ్యాక్టరీల గాలి తగలకూడదు, నడిస్తే నది అందాలి.

మిసిసిపీ_మాధవి
వెస్ట్‌హిల్ చూడండి. గట్టు మీద పాత ఇళ్లు, కలప వ్యాపారుల కాలం నాటివి, కింద డౌన్‌టౌన్, నది నడక దూరమే. పాత ఇల్లు కాబట్టి హీటింగ్ బిల్లు ఎంతొస్తుందో ముందే అడగండి, కిటికీలు మార్చారో లేదో చూడండి. కొత్త అపార్ట్‌మెంటు కావాలంటే ఊరికి ఉత్తరం వైపు, కానీ అక్కడి నుంచి నదికి కారు కావాలి. సౌత్‌ఎండ్ వైపు అద్దె తక్కువ, ఫ్యాక్టరీలూ అటే. గాలి దక్షిణం నుంచి వీచే రోజు సాయంత్రం ఒకసారి అటు తిరిగి చూసుకుని నిర్ణయించుకోండి. ఏ వారం వస్తున్నారో మెసేజ్ పెట్టండి, భోజనం మా ఇంట్లో.

గుంటూరు_ఘాటు
గోంగూర పప్పే కదా?

మిసిసిపీ_మాధవి
పప్పూ, పచ్చడీ రెండూ. డాలస్ నుంచి వచ్చేటప్పుడు వాన_చినుకు గారు గుంటూరు కారం ఒక కేజీ తెస్తే చాలు.